కనకమహాలక్ష్మి గారి అటక

నాకు పగటి జంతువుల మీద పెద్ద గౌరవం లేదు. ఆవు, మేక, కోడి, మా ఆయన, ఇవన్నీ చీకటి పడగానే ముడుచుకుని పడుకుంటాయి. అసలు వ్యవహారమంతా ఆ తర్వాతే మొదలవుతుందని నాకు తెలిసింది మా అన్న చింతతోపులో. ఒక రాత్రి టార్చి వేస్తే కొమ్మ మీద రెండు గుండ్రటి కళ్ళు ఎర్రగా వెలిగాయి. దేవాంగపిల్లి. గుప్పెడంత ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు, ముఖమంతా కళ్ళే. అది నన్ను తీరిగ్గా చూసి, ఒక్కో చెయ్యీ మార్చుకుంటూ పై కొమ్మకు వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాకు పిచ్చి పట్టింది. హిందూపురంలో జాకెట్లు కుట్టుకునే యాభై ఏళ్ళ ఆడమనిషి మెడలో బైనాక్యులర్ వేలాడేసుకుని చీకట్లో తిరిగితే జనం నవ్వరా? నవ్వారు. నేనూ వాళ్ళతో కలిసి నవ్వేసి, ఈసారి ఏకంగా గోదావరి జిల్లాలకు రైలెక్కాను.

తోడుగా మా తోడికోడలు సరళ వచ్చింది. ఆమెకు జంతువులంటే భయం, తిండంటే ప్రాణం. రాత్రులు నావి, పగళ్ళు తనవి అని రైల్లోనే ఒప్పందం చేసుకున్నాం. నేను జంతువులను చూస్తే తను కళ్ళు మూసుకోవచ్చు. తను తింటే మాత్రం నేను కూడా తినాలి. ఈ ఒప్పందంలో మోసపోయింది ఎవరో ఇప్పటికీ తేలలేదు గానీ నా జాకెట్లన్నీ ఇప్పుడు అరంగుళం వదులు చేసుకోవాల్సి వస్తోంది.

రాజమండ్రి గట్టు

మా ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు వస్తే వీధంతా బిందెలతో పరుగెత్తుతుంది. అలాంటి ఊరి నుంచి వెళ్ళిన ఇద్దరు ఆడవాళ్ళకు రాజమండ్రిలో గోదావరిని చూపిస్తే ఏం చేస్తారు? మేం సంచులు అక్కడే పడేసి గట్టు అంచుకు పరుగెత్తాం. తర్వాత సరళ, "ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఈళ్ళు మనకి ఒక చెంబు కూడా పంపలేదు చూడక్కా" అని నిష్ఠూరమాడింది. ఆ కోపం చల్లారడానికి రోజ్ మిల్కు తాగింది. ముప్ఫై రూపాయల గ్లాసు. మొదటిది రుచి చూడటానికి, రెండోది నమ్మకం కుదరడానికి.

సాయంత్రం గట్టు మీద నిలబడ్డాం. ఎండ ఎరుపు పూర్తిగా పోకముందే చెట్ల మీంచి గబ్బిలాలు లేచాయి. పండ్లు తినే పెద్ద గబ్బిలాలు, ఒక్కోటి రెక్క విప్పితే మూర పైనే. ముందు పది, తర్వాత వంద, తర్వాత లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. నల్లటి గొడుగులన్నీ ఎవరో ఒక్కసారి వదిలేసినట్టు నది మీదుగా అవతలి ఒడ్డుకు పోతూనే ఉన్నాయి. నేను బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని చిన్నపిల్లలా గెంతుతున్నాను. సరళ నెత్తిమీద కొంగు కప్పుకుని మొక్కజొన్న పొత్తు తింటోంది.

"ఏవండీ, మీరు పిట్టల డాక్టరాండీ?"

తిరిగి చూస్తే పసుపు రంగు చీర, ముక్కుకు రెండు వైపులా పుడకలు, చేతిలో గోదావరి నీళ్ళు నింపిన సీసా. నవ్వితే బావుండే ముఖమే గానీ ఆవిడ నవ్వడం లేదు.

"కాదండీ, టైలర్ని," అన్నాను.

"టైలర్లకి దుర్భిణీ ఎందుకండీ?"

మా ఊళ్ళో ఎవరూ ఇంత మర్యాదగా ఎగతాళి చేయరు. నాకు తెగ నచ్చింది. దేవాంగపిల్లి మొదలుకుని నా పిచ్చంతా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, సీసా గట్టు మీద పెట్టి, గొంతు తగ్గించి అడిగింది.

"అయితే గుడ్లగూబల గురించి తెలుసాండీ మీకు?"

ఆవిడ పేరు కనకమహాలక్ష్మి. కాకినాడ వైపు కాలవ పక్కన ఒక బజారు ఊళ్ళో వాళ్ళకు కిరాణా కొట్టుంది. ఊరి పేరు రాయనని మాటిచ్చాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ కొట్టు వెనక గదిలోనే కాపురం. ఎండుమిరపకాయల బస్తాల మధ్య పొయ్యి పెట్టుకుని, ప్రతి పోపుకీ తుమ్ముతూ వండింది. పైసా పైసా కూడేసి ఈ మధ్యే సొంతిల్లు కట్టుకున్నారు. గృహప్రవేశమైన నాలుగో రోజు రాత్రి కరెంటు పోయింది. భర్త సుబ్బారావు గారు టార్చి వేస్తే హాల్లో ఫ్యాను రెక్క మీద గుడ్లగూబ కూర్చుని ఉంది.

గుడ్లగూబ దూరిన ఇంట్లో ఉండకూడదని మా వైపు కూడా అంటారు. కాకపోతే మా వాళ్ళు చీపురు తీసుకుని దాన్ని తరిమేసి, ఒక టెంకాయ కొట్టేసి మర్చిపోతారు. సుబ్బారావు గారు అలా కాదు. ఆ రాత్రికి రాత్రే భార్యను తీసుకుని మళ్ళీ మిరపకాయల గదికి వచ్చేశారు. ఇంటికి తాళం. అంతటితో ఆగక ఇల్లు అమ్మేస్తానని ఒక బ్రోకరుతో మాట్లాడారు. బుధవారం అతను బయానా ఇచ్చి వెళ్తాడు.

"గూబ దూరిన ఇల్లని తెలిసే కొంటున్నారా?" అన్నాను.

"కొనేవాళ్ళు ఇల్లు పడగొట్టి గోడౌను కట్టుకుంటారటండీ. గోడౌనుకి దోషం లేదటండీ," అంది. కాసేపు నది వైపు చూసి, "వంటింటికి కాలవ వైపు కిటికీ పెట్టించుకున్నానండీ. నాలుగు రోజులే వండాను. నాలుగు రోజులూ కూర మాడింది. ఆ కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేదాన్ని" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఒక పిట్ట కోసం ఇల్లు పడగొట్టడమేమిటి! ఆయన్ని నేను ఒప్పిస్తాను, సోమవారం వస్తాను అని అక్కడికక్కడే చెప్పేశాను. సరళ పొత్తు నమలడం ఆపి నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. మా అత్తగారి ఇంట్లో నేను ఎప్పుడు నోరు జారినా అదే చూపు.

పట్టిసీమలో మెరిసిన కళ్ళు

ఆదివారం పట్టిసీమ వెళ్ళాం. నది మధ్య గుట్ట మీద వీరభద్రుడి గుడి, పడవలో దాటి ఇసుకలో నడిచి వెళ్ళాలి. పడవలో పక్కన కూర్చున్న ముసలాయన, "మీ వైపు నదేదండీ?" అని అడిగాడు. పెన్న అన్నాను. "అందులో నీళ్ళు ఎలా ఉంటాయండీ?" అన్నాడు. ఉన్నప్పుడు బాగానే ఉంటాయని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. ఉన్నప్పుడు అనే మాట నది పక్కన ఎందుకు వచ్చిందో వాళ్ళకు తెలియదు పాపం.

నక్కలు లంకల్లోంచి రాత్రి గట్టు దాకా వస్తాయని హోటలతను చెప్పాడు. పనసపొట్టు కూరతో భోజనం చేసి, నేను సరళను లాక్కుని గట్టు మీదికి బయల్దేరాను. పోలవరం వైపు వెళ్ళే లారీల చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరికి ఒక తుప్ప పక్కన టార్చి వెలుగులో రెండు కళ్ళు మెరిశాయి. నారింజ రంగు, నేలకు దగ్గరగా, కదలకుండా. నక్క! నేను చెప్పులు విప్పి పిల్లిలా అడుగులేశాను. సరళ నా కొంగు పట్టుకుని ఆంజనేయుడి పేరు జపిస్తోంది. ఇంకొంచెం, ఇంకొంచెం దగ్గరికి వెళ్ళి చూస్తే సైకిలు. తుప్పకు ఆనించిన సైకిలు పెడళ్ళకు ఉండే రిఫ్లెక్టర్లు. సరళ ఇసుకలో కూలబడి ఎంత నవ్విందంటే, దూరంగా లంకలో నిజం నక్కలు ఊళ పెట్టడం మొదలెట్టాయి. వాటిని చూడలేదు గానీ అవి మమ్మల్ని చూసి నవ్వాయని మాత్రం నమ్ముతున్నాను.

తాళం వేసిన ఇల్లు

సోమవారం బస్సు దిగేసరికి సుబ్బారావు గారు కొట్టు ముందు నిలబడి ఎదురుచూస్తున్నారు. తెల్ల బనీను, చెవి వెనక పెన్సిలు, మెత్తటి గొంతు. ముందు మజ్జిగ ఇచ్చారు, తర్వాత బెల్లం ముక్క ఇచ్చారు, తర్వాత కుర్చీ తుడిచి వేశారు. అప్పుడు నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. గుడ్లగూబ ఎలుకలను తింటుంది, రైతుకు మేలు చేస్తుంది, దానికి మన జాతకాలతో పని లేదు, దాని పని దానిది.

"ఆయ్," అన్నారు.

"ఒక్క గూబ రాత్రికి ఎన్ని ఎలుకలు పడుతుందో తెలుసా?"

"అలాగాండీ!"

"కాబట్టి ఇల్లు అమ్మకండి."

"మీరు చెప్పాక ఇంకేముందండీ," అన్నారు చేతులు జోడించి. నేను గెలిచాననుకుని కనకం గారి వైపు చూశాను. ఆవిడ పంచదార పొట్లాలు కడుతూ తల అడ్డంగా ఊపింది. అప్పుడు తెలిసింది, ఈ వైపు మర్యాద గోడ లాంటిది. మా ఊళ్ళో అయితే 'నీకేం తెలుసు పోవమ్మా' అనేవాళ్ళు, నేను తిరిగి అనేదాన్ని, గంటలో ఏదో ఒకటి తేలేది. ఇక్కడ అన్నిటికీ అవునంటారు, పని మాత్రం వాళ్ళు అనుకున్నదే చేస్తారు.

పెళ్ళిళ్ళ రోజులు కావడంతో ఊళ్ళో ఉన్న ఒక్క లాడ్జీ నిండిపోయింది. ఆ ఇంట్లోనే పడుకుంటాం, తాళం ఇవ్వండి అన్నాను. సుబ్బారావు గారు హడలిపోయారు. అతిథులను అలాంటి ఇంటికి పంపిస్తే మహాపాపం, మిరపకాయల గదిలో పడుకోబెడితే అంతకంటే అవమానం. చివరికి పంతులు గారికి ఫోను చేశారు. ఇంటివాళ్ళు కానివాళ్ళకు దోషం అంటదని ఆయన అభయమిచ్చాక తాళంచెవి వచ్చింది. అది కూడా చేతికివ్వలేదు, తమలపాకులో పెట్టి బల్ల మీద ఉంచారు.

ఇల్లు ముచ్చటగా ఉంది. గుమ్మానికి పసుపు ఇంకా ఆరనట్టే ఉంది, మామిడి తోరణం మాత్రం ఎండి గలగలమంటోంది. కిటికీలన్నిటికీ దోమల జాలీ. వంటింట్లోకి వెళ్ళి కిటికీ తీశాను. గోడ కిందే కాలవ, ఇంటి పునాది దాకా నీళ్ళు. అవతల అరటితోట, గుర్రపుడెక్క మీద నడుస్తున్న ఒక నీటికోడి. కనకం గారి కూర ఎందుకు మాడిందో నాకు బాగా అర్థమైంది. ఆవిడ మాత్రం గేటు బయటే నిలబడి, "స్టవ్వు మీద దుమ్ము పడిందాండీ?" అని అడిగింది. పడలేదని అబద్ధమాడి, కొంగుతో తుడిచాను.

గురక ఎవరిది

రాత్రి దీపాలార్పి హాల్లో చాప వేసుకున్నాం. నేను మెలకువగా ఉండి గూబ కోసం చెవులు రిక్కించాను. కాసేపటికి గురక మొదలైంది. మామూలు గురక కాదు, ఈల, బుస కలిసిన గురక. సరళకు ప్రయాణంలో జలుబు చేసిందనుకుని ఓర్చుకున్నాను. ఓర్చుకుని ఓర్చుకుని చివరికి మోచేత్తో పొడిచాను.

"ఏమక్కా, నువ్వు గురక పెడతాండావని నేను నిద్రపోకుండా పడుకోనుంటే, నన్నే పొడుస్తావేమి?" అంది సరళ.

"నేనా? నీదే కదా గురక!"

"నాది కాదు."

ఇద్దరం నోరు మూసుకున్నాం. గురక ఆగలేదు. పైగా ఒకటి కాదు, రెండు మూడు గొంతులు. సరళ ఒక్క ఉదుటున నా ఒళ్ళోకి వచ్చేసింది. నేను మాత్రం ఆనందం పట్టలేక దాదాపు అరిచేశాను. గూబ పిల్లలు ఆకలేస్తే అచ్చం అలాగే బుసకొడతాయని విన్నాను గానీ, వింటానని ఎప్పుడూ అనుకోలేదు.

వంటింటి పక్క సామాన్ల గది మీద అటక ఉంది. దానికి హాల్లోకి చిన్న చెక్క తలుపు, వెనక గోడలో ఒక వెంటిలేటరు. కట్టేటప్పుడు వెంటిలేటరుకు జాలీ బిగించడం మర్చిపోయారు. పిట్టలు బెదరకుండా టార్చి మీద ఎర్రకాగితం చుట్టి, నిచ్చెన వేసుకుని తలుపు సందులోంచి చూశాను. ఇత్తడి బిందెల వెనక నాలుగు పిల్లలు. దిండు చిరిగి దూది బయటికొచ్చినట్టు ఉన్నాయి. నాలుగూ నాలుగు సైజులు. చిన్నది బొచ్చుముద్ద, పెద్దదానికి రెక్కలు దాదాపు వచ్చేశాయి, అదే అందరికంటే గట్టిగా బుసకొడుతోంది. తెల్లటి ముఖాలు, కోసిన యాపిల్ పండులా. నాలుగూ ఒకేసారి తలలు పక్కకు వంచి నన్ను చూశాయి. అంతలో వెంటిలేటర్లోంచి చప్పుడు లేకుండా తల్లి వచ్చింది, నోట్లో ఎలుక. నన్ను చూసి ఒక్క కేక వేసింది. నేనూ ఒక కేక వేశాను. కింద సరళ మా ఇద్దరికంటే పెద్ద కేక వేసి నిచ్చెన వదిలేసింది. నేను ఒక బస్తా మీద పడ్డాను. ఆ బస్తాలో అటుకులున్నాయి కాబట్టి ఈ రోజు కూర్చుని రాయగలుగుతున్నాను.

కిరాణా కొట్టులో తీర్పు

తెల్లారగానే కొట్టుకు పరుగెత్తి, "నాలుగు పిల్లలండీ!" అని అరిచాను. శుభవార్త చెబుతున్నాననే అనుకున్నాను. సుబ్బారావు గారి ముఖం పాలిపోయింది. ఒక్క గూబకే ఇల్లు వదిలిన మనిషి, ఇప్పుడు కుటుంబమే దిగిందంటే ఏం చేస్తారు? వెంటనే ఫోను తీసి బ్రోకరును బుధవారం దాకా ఆగకుండా ఇవాళే రమ్మనబోయారు. కనకం గారు త్రాసులో పంచదార అలాగే వదిలేసి నన్ను చూసింది. ఆవిడ కిటికీ నా నోటి వల్లే పోతోంది.

కంగారులో నాకు తోచిందల్లా వాగాను. పిల్లలు ఎంత ముద్దుగా ఉన్నాయో, పెద్దదానికి ఈకలు ఎంత వచ్చాయో, గుడ్డు పొదగడానికే నెల పడుతుందని, ఆ ఈకలు రావడానికి ఇంకో నెల పైనే కావాలని.

"ఆగండాగండి," అంది కనకం గారు. "మళ్ళీ చెప్పండి. గుడ్డు పెట్టి ఎన్నాళ్ళయి ఉంటుందండీ?"

"రెండు నెలలు దాటింది."

"మన గృహప్రవేశమై నెల కూడా కాలేదు కదండీ," అంది భర్తతో.

ఫోను మీద ఆయన వేలు ఆగింది. ఆవిడ త్రాసు దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"ఆ రాత్రి దోమలొస్తాయని తలుపులూ కిటికీలూ అన్నీ నేనే వేశాను. వేశానా లేదా?"

"వేశావు."

"మరి గూబ బయట్నుంచి ఎలా వచ్చిందండీ? బిందెలు పెడతానని అటకెక్కి, లోపలేముందో చూడకుండా తోసేసి, ఆ తలుపు తీసి వదిలేసింది ఎవరు?"

సుబ్బారావు గారు చెవి వెనక పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"గూబ మనింట్లోకి రాలేదండీ. మనమే గూబ ఇంట్లోకి వెళ్ళాం. ముందు గృహప్రవేశం చేసుకుంది అది!"

కొట్టుకు వచ్చినవాళ్ళంతా ఆగిపోయారు. పంతులు గారికి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, బెల్లం దిమ్మకూ త్రాసుకూ మధ్య నిలబెట్టారు. విషయం విన్నాక అవతల పుస్తకం పేజీలు తిప్పుతున్న చప్పుడు వినపడింది.

"గూబ ఇంట ప్రవేశించినచో అని ఉంది గానీ అమ్మా," అన్నారాయన చివరికి, "గూబ ఇంట మనం ప్రవేశించినచో అని నేనెక్కడా చూడలేదు."

ఇక చూడాలి. చింతపండు కొనడానికొచ్చిన ఆవిడ, పిల్లలు పుట్టిన ఇంట్లో పురుడుంటుంది కదా, మరి ఈ పురుడు ఎవరికండీ అని అడిగింది. అగ్గిపెట్టె కొనడానికొచ్చిన పెద్దాయన, పిల్లలతల్లిని ఇల్లు ఖాళీ చేయించడం కంటే దోషమేముందండీ అన్నారు. అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించాలన్నా గడువివ్వాలి కదండీ అని ఇంకొకాయన. సరళ మధ్యలో దూరి, గూబ అద్దె ఎలుకల లెక్కన కడతాంది అని తేల్చేసింది. పంతులు గారు పాపం బిగుసుకుపోయి, వాళ్ళ అన్నగారు తనకంటే పండితులని, ఆయన్ని అడిగి రేపు చెబుతానని ఫోను పెట్టేశారు. సుబ్బారావు గారు బ్రోకరును ఇవాళ రమ్మనలేదు. రేపు రావద్దని కూడా అనలేదు.

కోరింగ బురద

ఆ సాయంత్రం మేం అక్కడుండి చేసేదేమీ లేదు. కాకినాడ వెళ్ళి, ఆటో పట్టుకుని కోరింగ మడ అడవుల అంచున ఉన్న ఊరికి చేరాం. రాత్రిపూట అభయారణ్యంలోకి వెళ్ళనివ్వరు కాబట్టి ఊరి పక్క కాలవే మాకు దిక్కు. సరళ మండపీతల ఇగురు కోసం ఆగిన ఇంటావిడే మాకు పడవ కూడా ఇచ్చింది. పేరు నూకరత్నం. వాళ్ళ ఆయన వేటకెళ్తాడు, ఆవిడ చేపలు అమ్ముతుంది, పడవ నడపడంలో ఆయనకంటే తనే నయమని ఆయన ఎదుటే చెప్పింది. ఆయన కాదనలేదు.

పడవలో నేను గూబ కథంతా చెప్పాను. నూకరత్నం పడవ తోసే గెడ ఆపి నవ్వింది. "ఇల్లొదిలేత్తారేంటండీ బాబూ! మా పడవలోకి పాము ఎక్కుద్ది, పీత ఎక్కుద్ది, ఓసారి పిల్లి కూడా ఎక్కేసిందండీ. ఎక్కిందల్లా దిగేదాకా చూత్తాం. పడవొదిలేత్తే ఏం తింటామండీ?" మళ్ళీ గెడ వేస్తూ, "ఆవిడ మాత్రం ఆ ఇంట్లోకే వెళ్ళాలండీ," అంది. "సూత్తా ఉండండి, వెళ్ద్ది."

పోటు తగ్గి నీళ్ళు తీసిన బురదగట్టు మీద, మడచెట్ల వేళ్ళ మధ్య, బావురుపిల్లి కూర్చుని ఉంది. ఇంటి పిల్లికి రెండింతలుంటుంది, ఒంటిమీద చుక్కలు, పొట్టి తోక. చేపలు పట్టే పిల్లి. నీటి అంచున ముందుకాలితో నీళ్ళను తట్టింది, మేం వంటింట్లో వేడి చూడటానికి పెనాన్ని తట్టినట్టు. ఆగింది. మళ్ళీ తట్టింది. ఉన్నట్టుండి తల ముంచి చేపతో లేచింది. నేను ఉండబట్టలేక చప్పట్లు కొట్టాను. ప్రపంచంలో బావురుపిల్లికి చప్పట్లు కొట్టిన మొదటి టైలర్ని నేనే అయ్యుంటాను. అది నా వైపు అసహ్యంగా చూసి చేపతో సహా వెళ్ళిపోయింది. దాని అడుగుజాడలు చూద్దామని దిగి మోకాలి దాకా బురదలో దిగబడ్డాను. నూకరత్నం, సరళ చెరో చెయ్యి పట్టి లాగితే నేను వచ్చాను, నా కుడికాలి చెప్పు రాలేదు. అది ఇప్పటికీ కోరింగలోనే ఉంది. ఏ పీతో అందులో కాపురం పెట్టి ఉంటుంది.

సంతోషం పొంగిపొర్లుతున్నా మధ్యమధ్యలో నాకు ఆ వంటింటి కిటికీయే గుర్తొచ్చింది. నేను మరో మూడు రోజుల్లో మా ఇంటికి పోతాను. ఆవిడ మిరపకాయల గదిలో తుమ్ముతూ ఉంటుంది. ఆ నాలుగు పిల్లల మీద గోడ కూలుతుంది. తలుచుకుంటే ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. బురద వల్లనుకుని సరళ ముఖం తుడిచింది.

బుధవారం

పొద్దున్నే కొత్త హవాయి చెప్పులతో బస్సు దిగాను. కొట్టు సగం తలుపు వేసి ఉంది. సుబ్బారావు గారు అరుగు మీద కూర్చున్నారు. పంతులు గారి అన్నగారి ఫోను కలవలేదట.

"కనకం గారు ఏరండీ?"

ఆయన ఇంటి వైపు చూపించారు.

ఆవిడ తెల్లవారుజామునే లేచి, తమలపాకు అవీ లేకుండా తాళంచెవి మేకు నుంచి తీసుకుని, పాల గిన్నెతో ఒక్కతే వెళ్ళిపోయిందట. ఎవరినీ అడగలేదు. మేం వెళ్ళేసరికి గేటు దాకా పోపు వాసన వస్తోంది. సరళ ఆ వాసన పట్టుకుని నన్ను వదిలేసి లోపలికి పోయింది. నేను సుబ్బారావు గారికి తోడుగా గేటు దగ్గర ఆగిపోయాను. ఆయన గేటు గడియ తీస్తారు, మళ్ళీ వేస్తారు. దురుసు మనిషి కాదు, భార్య మీద ప్రేమ లేనివాడూ కాదు. నిజంగా భయం, ఆవిడకేమైనా అవుతుందని. అది చూశాక ఆయన మీద కోపం పోయింది నాకు.

ఆయన జేబులో ఫోను మోగింది. "ఏవండీ, ఇంగువ మర్చిపోయాను. ఓ పొట్లం తెచ్చిపెట్టండి."

ఆయన వెళ్ళి తెచ్చి, గేటు మీంచి నా చేతికివ్వబోయారు. ఫోను మళ్ళీ మోగింది. "టైలరమ్మ గారికి ఇవ్వకండి. మీరే తీసుకురండి."

"కిటికీలోంచి అందుకుంటావా?"

"కిటికీ అవతల కాలవ ఉందండీ. ఈదుకుంటూ వస్తారా? నా చేతులు పిండిలో ఉన్నాయి. పోపు మాడిపోతోంది."

ఆయన నన్ను చూశారు, ఇంటిని చూశారు. ఇంగువ పొట్లం గుండెకు ఆనించుకుని, కళ్ళు మూసుకుని చెప్పులతోనే గుమ్మం దాటారు. కుడికాలే ముందు పెట్టారని నేను సాక్ష్యం చెప్పగలను.

అప్పుడే బ్రోకరు బండి వచ్చి ఆగింది. చంకలో సంచీ, గట్టి గొంతు. "సుబ్బారావు గారూ! ఉన్నారాండీ! బయానా తెచ్చానండీ!" అని వీధంతా వినపడేలా పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. ఆయన భయంతో అటే పడిపోయారా? భార్యను లాక్కొస్తున్నారా? గేటు పట్టుకుని తొంగిచూశాను. హాల్లో అటక కింద ఆయన నిలబడి ఉన్నారు, మెడ ఎత్తి. చెక్క తలుపు సందులోంచి తెల్లటి ముఖమొకటి తల పక్కకు వంచి ఆయన్ని చూస్తోంది. ఆయన కూడా తెలియకుండానే తల అదే వైపు వంచారు. అలా ఇద్దరూ ఎంతసేపు చూసుకున్నారో నేను చెప్పలేను. తర్వాత ఆ ముఖం లోపలికి వెళ్ళిపోయింది.

"సుబ్బారావు గారండీ!" బ్రోకరు మూడోసారి కేకేశాడు.

ఆయన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద వరండాలోకి వచ్చారు. నోటి మీద వేలు పెట్టుకున్నారు.

"కాస్త నెమ్మదిగా మాట్లాడండి," అన్నారు బ్రోకరుతో. "లోపల పిల్లలు పడుకున్నారు."